ఎర్ర గడిని ఎర్రగానే ఉండనివ్వండి

కడప జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చాలా రోజులు మా బల్లపైనే ఉండిపోయింది. ఆమె కుమార్తె ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణంలో, వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తోంది. ఒక ఉదయం రాత్రి డ్యూటీ ముగించుకొని గదికి చేరిన ఆ అమ్మాయి, "అమ్మీ, నేనిక ఇక్కడ ఉండలేను" అంటూ ఫోనులో చెప్పుకొని ఏడ్చిన సంగతిని ఆ తల్లి ఉన్నదున్నట్లు కాగితంపై పెట్టారు. చివర ఒకే ప్రశ్న అడిగారు: "మా అమ్మాయి చేసింది తప్పా?"

సంగతి ఇది. ఆ నెల మొదటి తేదీన కేర్ హోమ్ సిబ్బంది గదిలో గోడకు ఒక కాగితం అంటించారు. కూడిక గుర్తు ఆకారంలో గీసిన గడులు, వాటిలో 1 నుంచి 31 వరకు అంకెలు. ఆ రోజు అక్కడి వృద్ధులలో ఎవరూ కింద పడకపోతే ఆ తేదీ గడికి పచ్చరంగు వేయాలి. ఎవరైనా పడితే ఎర్రరంగు వేయాలి. దీనిని అక్కడ సేఫ్టీ క్రాస్ అంటారు. పేరు విని పాఠకులు మరోలా భావించనవసరం లేదు. అది ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు, అంతే. బయటి నుంచి ఒక శిక్షకురాలు వచ్చి దాని గురించి గంటసేపు వివరించి వెళ్లిపోయింది.

తొమ్మిదవ తేదీ తెల్లవారుజామున ఒక వృద్ధుడు మంచం పక్కనే పడిపోయాడు. దెబ్బ పైకి కనిపించలేదు. డ్యూటీలో ఉన్న మన అమ్మాయి ఆయనను పరీక్షించి, సాటి ఉద్యోగిని సాయంతో లేవనెత్తి, రిజిస్టరులో రాసి, వెళ్లే ముందు తొమ్మిదవ గడికి ఎర్రరంగు వేసింది. సాయంత్రం తిరిగి డ్యూటీకి వచ్చేసరికి ఆ గడి పచ్చగా మారిపోయి ఉంది. మేనేజరు పిలిచి, "ఏ రోజైనా తనిఖీ బృందం రావచ్చు. ఆయనకు ఏమీ కాలేదు కదా, ఎర్రరంగు దేనికి? ఇంతకూ ఆ సమయంలో డ్యూటీ ఎవరిది?" అని అడిగింది. డ్యూటీ ఎవరిదో ఆమెకు తెలియక కాదు. అమ్మాయి తల దించుకొని ఊరకుండిపోయింది.

ఆ మౌనం వెనుక ఒక చట్టం ఉంది. కేర్ హోమ్‌లలో వృద్ధులకు సేవ చేసే ఉద్యోగులను బ్రిటన్ ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో హెల్త్ అండ్ కేర్ వీసా పరిధిలోకి తెచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఎందరో యువతీయువకులు ఆ దారిన వెళ్లారు. 2024 మార్చి నుంచి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లు కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లే వీలు లేకుండా పోయింది. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను చేర్చుకోవడాన్నే నిలిపివేశారు. అప్పటికే వెళ్లినవారి వీసా వారిని రప్పించుకున్న యజమానితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులలో మరో యజమానిని వెతుక్కోవాలి, లేదా దేశం విడిచి రావాలి. వెళ్లేటప్పుడు చేసిన అప్పు మాత్రం ఇక్కడ ఇంటి గుమ్మంలోనే కూర్చొని ఉంటుంది. ఒక గడికి ఏ రంగు వేయాలన్న ప్రశ్న అటువంటి అమ్మాయికి చిన్న ప్రశ్న కాదు.

వృద్ధాశ్రమమన్న మాటనే ఉచ్చరించడానికి ఇష్టపడని ఇళ్లు మనలో అనేకం. కన్నవారిని పరాయి చేతుల్లో పెట్టడం మనకు తలవంపు. అయినా పరాయివారి కన్నవారిని ఎత్తి కూర్చోబెట్టి, అన్నం తినిపించి, పక్కబట్టలు మార్చే ఆ చేతులు మన బిడ్డలవే అయినప్పుడు, ఆ ఇళ్లలో ఏం జరుగుతున్నదో తెలుసుకోవలసిన బాధ్యత మనకూ ఉంటుంది. అందుకే ఈ నెల ఈ విషయాన్ని ఎత్తుకున్నాం.

ఆ శిక్షకురాలు గోడకు అంటించి వెళ్లిన కాగితం నిజానికి ఒక పెద్ద ఆలోచనకు చిన్న తోక. ఆ ఆలోచన పేరు క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్, అంటే నాణ్యత మెరుగుదల. ఇది పుట్టింది ఆసుపత్రిలోనూ కాదు, వృద్ధుల ఇంటిలోనూ కాదు, అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే సంస్థలో. 1924లో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు తన పై అధికారికి ఒక చిన్న కాగితంపై ఒక రేఖాపటాన్ని గీసి పంపాడు. ప్రతి వస్తువులోనూ అటూ ఇటూ కొంత తేడా ఎలాగూ ఉంటుందని, ఆ సహజమైన తేడాను, ఏదో ప్రత్యేక కారణం వల్ల వచ్చిన తేడాను వేరుచేసి చూడాలని దాని సారాంశం. ఆయన దారిలో నడిచిన ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాను వెళ్లి అక్కడి పరిశ్రమల పెద్దలకు ఈ సంగతులు బోధించాడు. వైద్యరంగం చాలా ఆలస్యంగా మేల్కొంది. ఆ రంగంలో దీనికి పేరు తెచ్చిన సంస్థలలో ఒకటైన ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్ అమెరికాలో 1991లో ఏర్పడింది.

యంత్రాల కోసం పుట్టిన పద్ధతి మనుషులకు ఎలా పనికివస్తుందని సందేహం కలగవచ్చు. మాకూ కలిగింది. అయితే దాని మూలసూత్రం యంత్రాల గురించి కాదు, నింద గురించి. ఏదైనా పొరపాటు జరిగినప్పుడు "ఎవరు చేశారు?" అని అడగడం మానవ స్వభావం. "ఈ పని జరిగే ఏర్పాటులో ఏముంది, మంచి మనిషి చేసినా ఇలాగే జరిగేలా?" అని అడగమంటుంది ఈ పద్ధతి. ఆపై మూడు విషయాలు తేల్చుకోమంటుంది. మనం సాధించదలచినది ఏమిటి? మార్పు మంచికే జరిగిందని ఎలా తెలుస్తుంది? అందుకు ఏ మార్పు చేసి చూడవచ్చు? ఆ మార్పును ఒక్కసారిగా ఇంటి మొత్తానికీ రుద్దరాదు. ఆలోచించాలి, కొద్దిగా చేసి చూడాలి, ఏం జరిగిందో గమనించాలి, సవరించుకొని మళ్లీ చేయాలి. ఒక్క వృద్ధునితో, ఒక్క షిఫ్టులో, ఒక్క రోజు. అది ఫలించకపోతే నష్టపోయేదీ ఆ ఒక్క రోజే.

ఈ పద్ధతిని కేర్ హోమ్‌లకు తీసుకువెళ్లిన ప్రయత్నాలలో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో జరిగినది చెప్పుకోదగినది. అక్కడి కౌంటీ కౌన్సిల్, లండన్‌కు చెందిన యూసీఎల్ పార్ట్‌నర్స్ సంస్థ కలిసి 2014లో ప్రాస్పర్ అనే పథకాన్ని ఆరంభించాయి. వృద్ధులు కింద పడటం, పడక పుండ్లు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు అనే మూడు బాధలను తగ్గించడం దాని లక్ష్యం. తగ్గించే ఉపాయాలు వెతకవలసింది డాక్టర్లు కాదు, ఆ ఇళ్లలో రోజూ పనిచేసే సిబ్బందే. సేఫ్టీ క్రాస్ కాగితాలను అక్కడా వాడారు.

ఎసెక్స్ కేర్ హోమ్‌ల నుంచి వచ్చిన ఒక ఉపాయం మాకు ఎంతో నచ్చింది. వృద్ధులు పట్టుకొని నడిచే వాకర్లన్నీ ఒకే తీరున, బూడిదరంగులో ఉంటాయి. డిమెన్షియా వల్ల జ్ఞాపకశక్తి సన్నగిల్లినవారు తమ వాకరు ఏదో గుర్తుపట్టలేరు. ఇతరులది పట్టుకుంటారు, లేదా ఏదీ పట్టుకోకుండానే లేచి నడుస్తారు. పడిపోతారు. సిబ్బంది ఆ వాకర్లకు రంగుల కాగితాలు చుట్టారు, పూలు కట్టారు, ఆ వృద్ధుడు అభిమానించే ఫుట్‌బాల్ జట్టు రంగులు వేశారు, మనుమల ఫొటోలు అంటించారు. వృద్ధులు తమ వాకరును గుర్తుపట్టడమే కాక, దాన్ని చూసి మురిసిపోయారు. దీనికి ఖర్చు ఎంత? రంగు కాగితాలూ జిగురూ. ఏ నిపుణుల సంఘమూ ఈ సలహా ఇచ్చి ఉండేది కాదు. "ఈయన తన వాకరు ఎందుకు వదిలేస్తున్నాడు?" అని రోజూ చూసే మనిషి అడిగింది కాబట్టి జవాబు దొరికింది.

నీళ్ల విషయమూ ఇటువంటిదే. వయసు పైబడినకొద్దీ దాహం తెలియదు. మరుగుదొడ్డికి మాటిమాటికీ వెళ్లవలసి వస్తుందని కొందరు కావాలనే తాగరు. నీరు తగ్గితే మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయి, లేచి నిలబడగానే తల తిరుగుతుంది, మతి తప్పినట్లు మాట్లాడతారు. ఆ మాటలను వయసు లక్షణమని ఇంట్లోవారు కొట్టిపారేస్తారు. బెర్క్‌షైర్ ప్రాంతంలోని కొన్ని కేర్ హోమ్‌లలో రోజుకు ఏడుసార్లు, నియమిత వేళల్లో, పానీయాల బండిని ప్రతి గదికీ తిప్పే ఏర్పాటు చేశారు. ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రికి తరలించవలసి రావడం తగ్గిందని నివేదించారు. నీళ్లు ముందూ ఉన్నాయి, గ్లాసులూ ఉన్నాయి. మంచం పక్కన గ్లాసు పెట్టి వెళ్లడం వేరు, కూర్చొని నాలుగు మాటలు చెబుతూ తాగించడం వేరు. ఆ రెండవ పనికి ఎవరి సమయమూ కేటాయించి లేదన్న సంగతే అక్కడ బయటపడింది. మన ఇళ్లలో నానీలూ దాదీలూ రోజుకు ఎన్నిసార్లు నీళ్లు తాగుతున్నారో ఒక్కరోజు లెక్కపెట్టి చూడండి. మా ఇంట్లో లెక్కపెట్టాక మాకు సిగ్గేసింది.

ఇక దీనిని సిబ్బందికి పరిచయం చేయడం దగ్గరే చాలా ఇళ్లు తడబడతాయి. కేర్ హోమ్ ఉద్యోగికి జీతం తక్కువ, పని ఎక్కువ. పాతవారు వెళుతుంటారు, కొత్తవారు వస్తుంటారు. ఒకే షిఫ్టులో నాలుగు దేశాలవారు, నాలుగు మాతృభాషలవారు ఉంటారు. వారిని గంటసేపు కూర్చోబెట్టి, తెర మీద బాణాలూ చక్రాలూ చూపించి, నాణ్యత అంటే ఇదని ఉపన్యసిస్తే వారికి ఒక్కటే అర్థమవుతుంది: మన నెత్తిన మరో కాగితం పడింది. ఆ శిక్షకురాలిని మేము తప్పుపట్టడం లేదు. ఆమెకు ఇచ్చినదే ఒక గంట.

అనుభవజ్ఞులు ఉపన్యాసానికి బదులు ఆట ఆడిస్తారు. పదిమందిని గుండ్రంగా నిలబెట్టి చేతికి ఒక బంతి ఇస్తారు. బంతి ప్రతి ఒక్కరి చేతినీ తాకాలి, ఒకే వరుసలో తాకాలి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాస్తారు. "ఇంకా త్వరగా చేయగలరా?" అని అడుగుతారు. మొదట అందరూ మరింత గట్టిగా, మరింత వేగంగా విసురుతారు. బంతి కింద పడుతుంది, సమయం పెరుగుతుంది. అప్పుడెవరో, తరచుగా అప్పటివరకు నోరు విప్పని మనిషి, "మనం నిలబడే చోట్లు మార్చుకుంటే?" అంటారు. వరుస ప్రకారం పక్కపక్కన నిలబడతారు. చివరకు చేతులన్నీ ఒకచోట చేర్చి బంతిని వాటి మీదుగా దొర్లిస్తారు. పట్టే సమయం కొద్ది సెకన్లకు దిగిపోతుంది. ఎవరూ ముందుకన్నా ఎక్కువ కష్టపడలేదు, ఏర్పాటు మారింది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారికి సైతం ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

ఆ తర్వాతి పని షిఫ్టు మారే వేళ పది నిమిషాలలో జరగాలి. రాత్రి డ్యూటీవారిని వదిలిపెట్టరాదు. పడిపోవడాలు, గాభరాలు, నిద్రపట్టకపోవడాలు వారి కళ్ల ముందే జరుగుతాయి, సమావేశాలు మాత్రం వారు నిద్రపోయే పగటిపూట జరుగుతాయి. వంటమనిషినీ, గదులు తుడిచే మనిషినీ పిలవాలి. ఎవరి కంచంలో ఏం మిగిలిందో, ఎవరి మంచం కింద నేల తడిగా ఉందో వారికి తెలిసినంతగా నర్సుకు తెలియదు. పడక పుండ్ల విషయమే చూడండి. ఒకేవైపు ఒరిగి పడుకున్నవారికి మడమల వద్ద, నడుము కింద చర్మం ఎర్రబడితే, వేలితో నొక్కి చూడాలని, నొక్కినా ఆ ఎరుపు పాలిపోకపోతే ప్రమాదమని నేర్పుతారు. మన వంటి ముదురు రంగు చర్మంపై ఆ ఎరుపు స్పష్టంగా కనిపించదు. తాకితే పక్క చోటికన్నా వెచ్చగానో, గట్టిగానో, మెత్తగానో ఉండటం ద్వారా తెలుస్తుంది. రోజూ స్నానం చేయించే చేతికే ఆ తేడా ముందు తెలుస్తుంది. ఇంట్లో మంచాన పడిన పెద్దవారిని చూసుకునే కోడళ్లూ కూతుళ్లూ దీనిని గుర్తుంచుకోవాలని మా మనవి.

లెక్క విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. ముప్పైమంది ఉండే ఇంట్లో ఒక నెల నలుగురు పడి, మరుసటి నెల ఇద్దరు పడితే, సగానికి సగం తగ్గాయని మిఠాయి పంచేవారున్నారు. ఆ మరుసటి నెల ఐదుగురు పడితే వారే కర్ర పట్టుకొని సిబ్బంది మీదికి వస్తారు. రెండూ తొందరపాటే. చిన్న సంఖ్యలు వాటంతటవే ఎగురుతాయి, దిగుతాయి. షూహార్ట్ చెప్పిన సహజమైన తేడా అదే. చిన్న ఇళ్లలో ఒకసారి పడిన రోజుకూ మళ్లీ పడిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో రాసుకోవడం మేలు. వారం వారం సంఖ్యలను చుక్కలుగా పెట్టుకుంటూ పోతే, వరుసగా ఆరు చుక్కలో అంతకన్నా ఎక్కువో మధ్యస్థ రేఖకు ఒకేవైపు పడినప్పుడు, ఏదో నిజంగా మారిందని అనుకోవచ్చు. అంతవరకు ఓపిక పట్టాలి.

గడికి తప్పు రంగు వేస్తే ఈ లెక్కంతా వ్యర్థం. అంతకన్నా పెద్ద నష్టమూ ఉంది. కింద పడిన వృద్ధునికి పైకి దెబ్బ కనిపించకపోయినా తల లోపల రక్తం కారవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారిలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ, అది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. ఆయన పడ్డాడని తర్వాతి షిఫ్టువారికి తెలిస్తేనే ఆయన మాటలో తడబాటును, నిద్రమత్తును వారు అనుమానిస్తారు. గోడ మీద అబద్ధాన్ని అలవాటు చేసుకున్న ఇంట్లో అది మెల్లగా రిజిస్టరులోకీ వస్తుంది. అబద్ధ సాక్ష్యం ఎంత తీవ్రమైనదో మా పాఠకులకు మేము చెప్పనవసరం లేదు.

అయితే ఆ మేనేజరును కేవలం దుర్మార్గురాలిగా చూడటం మాకు సమ్మతం కాదు. ఇంగ్లండులో 2009 నుంచి కేర్ క్వాలిటీ కమిషన్ అనే సంస్థ కేర్ హోమ్‌లను తనిఖీ చేస్తోంది. అత్యుత్తమం నుంచి అసంతృప్తికరం వరకు నాలుగు స్థాయిలలో తీర్పు ఇస్తుంది, ఆ తీర్పును అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. తీర్పు చెడితే వృద్ధుల కుటుంబాలు వేరే ఇల్లు చూసుకుంటాయి, యజమాని మేనేజరును నిలదీస్తాడు. అమ్మాయి మేనేజరుకు భయపడుతోంది, మేనేజరు యజమానికి భయపడుతోంది. తనిఖీ అవసరమే. అది లేని చోట వృద్ధుల గతి ఏమవుతుందో మన దేశంలో చూస్తూనే ఉన్నాం. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు కల్పించే ఆశ్రమం ఉండాలన్న ఆలోచనను 2007 నాటి చట్టమే చేసింది. ఆ ఆశ్రమాలలో ఒక రాత్రి ఎవరు పడ్డారో ఎవరు లెక్క రాస్తున్నారు? కానీ తనిఖీకి చూపించే కాగితం వేరు, నేర్చుకోవడానికి రాసుకునే కాగితం వేరు. ఆ రెండింటినీ ఒకే గోడకు అంటిస్తే రెండవది చచ్చిపోతుంది.

ఆ తల్లికి మేము రాసిన జవాబు చిన్నది. మీ అమ్మాయి చేసింది తప్పు కాదు. గోడ మీది రంగు కోసం ఒంటరిగా పోరాడవద్దనండి. రిజిస్టరులో మాత్రం చూసింది చూసినట్లు, సమయంతో సహా రాయమనండి, తర్వాతి షిఫ్టువారికి నోటితోనూ చెప్పమనండి. వృద్ధులకు హాని జరిగే పరిస్థితే వస్తే సిబ్బంది నేరుగా కేర్ క్వాలిటీ కమిషన్‌కు తెలియజేయవచ్చు, ఆ దారి ఉందని తెలిసి ఉండమనండి. డ్యూటీ ఎవరిదన్న ప్రశ్న మళ్లీ ఎదురైతే, సమయం ఎంతయిందని కూడా అడగమని చెప్పమనండి.

రెండవ ఉత్తరం నాలుగు నెలల తర్వాత వచ్చింది. శిక్షకురాలు మళ్లీ వచ్చిందట. గోడ మీద మూడు నెలల కాగితాలూ నిండు పచ్చగా ఉండటం చూసి, "ఇవి నాకేమీ చెప్పడం లేదు" అని మేనేజరుతో గది తలుపు వేసుకొని చాలాసేపు మాట్లాడిందట. ఏం మాట్లాడుకున్నారో అమ్మాయికి తెలియదు. ఆ మరునాటి నుంచి గోడ మీది కాగితం తీసి సిబ్బంది టీ గదిలో, అలమర తలుపు లోపలివైపు అంటించారు. పేర్లు రాయవద్దు, సమయం రాయాలి అన్నారు. ఆరు వారాలలో ఎర్ర గడులు ఎనిమిది వచ్చాయి. వాటిలో ఐదు తెల్లవారుజామున నాలుగున్నరకూ ఆరింటికీ మధ్యవే, ఆ ఐదులో మూడు ఆ వృద్ధునివే.

ఎందుకని ఒకరినొకరు అడుగుతూ పోయారు. ఆయన లేచి నడవడం వల్ల పడుతున్నాడు. ఎందుకు లేస్తున్నాడు? టీ కోసం. అంత పొద్దున్నే ఎందుకు? ఆయన వృత్తిరీత్యా పోస్టుమ్యాన్, నలభై ఏళ్లు ఆ వేళకే లేచాడు. వాకరు ఎందుకు పట్టుకోవడం లేదు? రాత్రి నేల తుడిచే మనిషి దానిని గోడ వైపుకు జరుపుతోంది, తిరిగి మంచం పక్కకు చేర్చమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మనిషిని మొదటిసారిగా మాటల్లోకి పిలిచారు. ఇప్పుడు వాకరు చేతికందే చోట ఉంటోంది, నేల మీద టేపుతో దాని చోటు గుర్తుపెట్టారు. నాలుగున్నరకు మన అమ్మాయి ఫ్లాస్కులో టీ తీసుకువెళుతుంది. ఆ వేళకు తానూ నమాజు కోసం లేచే అలవాటే కనుక తనకేమీ భారం కాలేదని తల్లికి చెప్పిందట.

ఆయన ఐదు వారాలు పడలేదు. ఆరవ వారం మధ్యాహ్నం పూట, తోట వైపు గుమ్మం దగ్గర పడ్డాడు. ఆ గుమ్మానికి చిన్న మెట్టు ఉంది. అలమర తలుపు లోపల ఆ రోజు గడి ఎర్రగానే ఉందని, మెట్టు సంగతి చూడటానికి మేనేజరే టేపు చేత్తో పట్టుకొని వెళ్లిందని ఉత్తరంలో ఉంది.